షాట్ మధ్యలో నేను చెప్పిన కట్

సినిమాలో ఒకాయన ఎడమచేత్తో కప్పు ఎత్తి, మరుక్షణం కుడిచేత్తో తాగుతుంటే మీకు నవ్వొస్తుంది. ఆ నవ్వు రాకుండా చూడడమే నా ఉద్యోగం. దాన్ని కంటిన్యుటీ అంటారు. కౌలాలంపూర్‌లో, పేరాక్ రాష్ట్రంలో, అప్పుడప్పుడూ బయటి దేశాల కంపెనీలు వచ్చినప్పుడు దీవుల్లో, నా వయసు పనికొచ్చినంత కాలం అదే చేశాను. ఇప్పుడు పేరాక్‌లోనే ఇపో ఊళ్లో మా అమ్మ దగ్గర ఉంటున్నాను.

మా తమ్ముడి కూతురు సైబర్‌జయలో చదువు ముగించి ఇదే పనిలో చేరబోతోంది. మొన్న వచ్చి, "అత్తా, వాట్ డు యూ యాక్చువల్లీ డూ లా?" అని అడిగింది. మాట చివర 'లా' తగిలించడం మలేషియాలో అందరి అలవాటు. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు. నేను రాసింది వాళ్ల నాన్న చదివి వినిపిస్తాడు. ఏ కంపెనీలో ఎప్పుడు చేరాను, ఎవరు నన్ను పైకి తెచ్చారు అన్నది దానికి అక్కర్లేదు. ఆ సంగతులు నాకే సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నవి రాస్తాను.

మేడమ్ దగ్గర నేర్చుకున్నది

ఒక గదిలో జరిగే చిన్న సన్నివేశాన్ని కూడా ముక్కలుగా తీస్తారు. తలుపు తెరిచే ముక్క సోమవారం, లోపలికొచ్చి కూర్చునే ముక్క గురువారం. మధ్యలో నటుడు జుట్టు కత్తిరించుకుంటాడు, నటికి జలుబు చేస్తుంది, గోడ గడియారం ఆగిపోతుంది. చూసేవాళ్లకు మాత్రం అది ఒకే సాయంత్రంలా కనబడాలి. సిగరెట్టు ఎంత కాలింది, చొక్కా పై గుండీ పెట్టి ఉందా లేదా, ఏ మాట దగ్గర తల తిప్పాడు, అన్నీ నేనే చూడాలి.

మొదట్లో నేను వస్తువులను చూసేదాన్ని. కళ్లజోడు, గొడుగు, గ్లాసులో నీళ్ల మట్టం. ఫొటోలు తీసేదాన్ని, బొమ్మలు గీసేదాన్ని. ఎంత చూసినా ఏదో ఒకటి తప్పిపోయేది. మా ఎడిటర్ ఒక చైనీస్ ఆవిడ. అందరూ మేడమ్ లిమ్ అనేవాళ్లం. ఆవిడ నన్ను ఎడిటింగ్ గదిలోకి పిలిచి, ఏసీ చలిలో పక్కన కూర్చోబెట్టి, ఒకే షాటును మళ్లీ మళ్లీ తిప్పి చూపించింది.

"నువ్వు కప్పును చూస్తున్నావు. కప్పుకు ఏం తెలుసు? మనిషిని చూడు. ఆ మనిషి మనసు ఎక్కడుందో చెయ్యి అక్కడికే పోతుంది. మనసు తెలిస్తే ఏ చెయ్యో నీకు గుర్తుంటుంది" అంది.

ఆవిడ పొగడడం నేనెప్పుడూ వినలేదు. తిట్టడం రోజూ విన్నాను. కానీ ఆ మాటతో నా పని సగం తేలికైంది. మనుషులను చూడడం మొదలుపెట్టాక వస్తువులు వాటంతట అవే గుర్తుండేవి. పెద్ద పేరున్న దర్శకుల దగ్గర పనిచేశాను, వాళ్లలో కొందరు అరవడమే దర్శకత్వం అనుకునేవారు. వాళ్లందరి కంటే ఆ చలిగదిలో ఆవిడ నేర్పిందే నాకు పనికొచ్చింది. మీ బాస్ మంచిగా మాట్లాడుతున్నాడా అని చూడకండి. పని నేర్పుతున్నాడా అని చూడండి.

తెల్లతోలు వేషాలు

బొగ్దాన్‌ను నేను మొదటిసారి చూసింది ఒక కూరపొడి ప్రకటనలో. చేపతలకాయ కూర తిని, చెమటలు కక్కి, ఇంకో గరిటె కావాలని చెయ్యి చాపే తెల్లవాడి వేషం. ఆ రోజు ఎన్ని టేకులు తీసినా ప్రతిసారీ అదే ముద్ద అదే చోట నుంచి తీసుకున్నాడు. చెమట తుడుచుకునే రుమాలు అదే మూలతో పట్టుకున్నాడు. నాకు పని లేకుండా చేశాడు. ఎవరీ మనిషి అని అడిగాను.

ఉక్రెయిన్ నటుడు. ఖార్కివ్‌లో పుట్టాడు, అక్కడే నటన చదివాడు, అక్కడే నాటకాలు ఆడాడు. తొలి సినిమాలో ట్రాక్టర్ డ్రైవరుగా రెండు మాటలు చెప్పాడట. ఆ తర్వాత పోలీసు సీరియళ్లలో ఏళ్ల తరబడి హంతకుడి తమ్ముడు. "హంతకుడు ఎప్పుడూ నాకంటే అందగాడు" అని నవ్వేవాడు. ఒకే ఒక్క మంచి వేషం వచ్చింది. పడవ నడిపే చెవిటివాడి వేషం. సినిమా అంతా ఒక్క మాట లేదు. దాన్ని చూసినవాళ్లు తక్కువ, కానీ చూసిన ఒక నిర్మాత సముద్రపు దొంగల సినిమాలో కెప్టెన్ వేషం ఇచ్చి ఆయనను మలేషియా తీసుకొచ్చాడు. సినిమా సగంలో ఆగిపోయింది. పెళ్లి అప్పటికే విడిపోయింది, పిల్లలు లేరు. సైబర్‌జయలో ఒక కాలేజీలో నటన నేర్పే ఉద్యోగం దొరికితే ఉండిపోయాడు.

మా దేశంలో తెల్లతోలు ఉన్న నటుడికి వేషాలు కొన్నే. బ్రిటిష్ కాలపు రబ్బరు తోట దొర, పోర్చుగీసు కెప్టెన్, చర్చి ఫాదర్, పర్సు పోగొట్టుకునే టూరిస్టు, వజ్రాల దొంగ. ఇంగ్లండ్ మనిషికీ ఉక్రెయిన్ మనిషికీ తేడా మా కంపెనీలు పట్టించుకోవు. మొహం తెల్లగా ఉందా, ఎండలో నిలబడగలడా, అంతే. ఇది సిగ్గుపడాల్సిన సంగతి. పరదేశపు నటులు కదా అని నీడలో కుర్చీ కూడా వేయని యూనిట్లు చూశాను. బొగ్దాన్ ఎప్పుడూ నోరెత్తలేదు. గొడుగు తనే తెచ్చుకునేవాడు.

తోట దొర వేషాలు ఎన్ని వేశాడంటే, యూనిట్లో అందరికీ ఆయన పేరే దొర అయిపోయింది. "దొరా, మకాన్!" అని కేకేస్తే అన్నానికి వచ్చేవాడు. నన్ను అక్క అనేవాడు. నేను ఇంటికి ఫోన్ చేసేటప్పుడు విని, "ఏటి" అనే మాట పట్టుకున్నాడు. ఇంగ్లిష్‌లో చక్కగా మాట్లాడుతూ మధ్యలో "ఏటి లా, అక్కా?" అంటే మా వాళ్లు పడీపడీ నవ్వేవారు.

ఒకసారి షూటింగ్ ఇపోలో పడినప్పుడు మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను. మా తాత సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో కిరాణి, అంటే గుమాస్తా. మా అమ్మ పుట్టింది, పెరిగింది అక్కడి కూలీల లైన్ ఇళ్ల పక్కనే. అసలైన దొరలను చిన్నప్పుడు చూసిన మనిషి. బొగ్దాన్ అన్నం ముందు కూర్చుని, "నిజం దొర ఎలా మాట్లాడేవాడు? మీ అమ్మను అడగండి" అన్నాడు.

నేను అమ్మను అడిగాను.

"మాటాడేదానికేటి, నిదానంగానే మాటాడేవోడు. అరిసేవోడు కాదు. కానీ మన మొకం సూసేవోడు కాదు. మన ఎనకాల సెట్టు ఉంటాది సూడు, దాన్ని సూస్తా మాటాడేవోడు."

నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. బొగ్దాన్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఇన్ని దొర వేషాలు వేశాడు, ఈ ఒక్క ముక్క ఎవరూ ఆయనకు చెప్పలేదు. లేచి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి, అమ్మ భుజం మీదుగా గోడను చూస్తూ, "నీకు ఏం కావాలి?" అని మెల్లగా అడిగాడు. అమ్మ గబుక్కున కుర్చీలోంచి లేచి నిలబడింది. తర్వాత తనను చూసి తనే నవ్వుకుంది. "ఓలమ్మ, పేణం పోనాది" అంది.

తప్పులు మొదలయ్యాయి

సింహాద్రి అన్న మా తెలుగువాడే. తమిళ సినిమాలు తీసేవాడు. మంచి దర్శకుడు, చెడ్డ కోపం. తోటల కథ మీద పెద్ద సినిమా తీయాలని ఎన్నో ఏళ్లు తిరిగి చివరికి మొదలుపెట్టాడు. అందులో దొర వేషం ఉత్త విలన్ కాదు. ఒంటరివాడు, తాగుబోతు, భయస్తుడు, ఆ భయంలోంచే క్రూరుడు. బొగ్దాన్‌కు మలేషియాలో వచ్చిన మొదటి నిజమైన వేషం అది. స్క్రిప్టు చేతికిచ్చినప్పుడు రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు.

సుంగై సిపుట్ దాటాక పాత తోటలో ఒక బంగళా దొరికింది. మెట్లు, పెద్ద వరండా, ముందు పచ్చిక. షూటింగ్ మొదలైన కొద్ది రోజులకే ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. ఖార్కివ్ మీద బాంబులు పడుతున్న బొమ్మలు మా యూనిట్లో అందరి ఫోన్లలోనూ వచ్చాయి. అందరూ వచ్చి బొగ్దాన్ భుజం తట్టారు. "అమ్మ, చెల్లెలు బాగానే ఉన్నారు, మెట్రో స్టేషన్‌లో ఉంటున్నారు" అన్నాడు. ఆ తర్వాత ఎవరైనా అడిగితే బొటనవేలు చూపించేవాడు. మేము నమ్మాం.

ఆ వారంలోనే ఆయన దగ్గర తప్పులు మొదలయ్యాయి. కుడిచేత్తో తియ్యాల్సిన టోపీ ఎడమచేత్తో తీశాడు. కర్ర కుర్చీకి ఆనించి పెట్టి, తర్వాతి షాటులో దాన్ని మరిచిపోయాడు. మామూలు నటుడైతే నేను పట్టించుకోను, సరిదిద్ది ముందుకు పోతాను. బొగ్దాన్ అలాంటివాడు కాదు. తర్వాత మాటలు కూడా తప్పాయి. ఒక చిన్న వాక్యం మధ్యలో ఆగి, ఎదుట నటుడి మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

సింహాద్రి అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"దొరకేటయినాది సరోజా? వయసైపోనాదా? రోజుకి రెండు షాట్లు కూడా అవడం నేదు."

"అలిసిపోయినాడన్నా."

"అందరం అలిసిపోయినాం లా. ఇపోలో ఇంకో తెల్లోడున్నాడు, ఇస్కూల్ పంతులు. ఆడితో మాటాడి ఉంచుతాను. ఇంకో రెండు రోజులు సూస్తాను, అంతే."

అన్నను నేను తప్పు పట్టను. ఆ సినిమా కోసం ఆయన తన జీవితాన్నంతా పణంగా పెట్టాడు. కానీ ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను. కప్పును వదిలి మనిషిని చూడాలని నేర్చుకున్నదాన్ని కదా, వెళ్లి మనిషిని చూశాను.

అరచేతిలో ఒక మాట

మధ్యాహ్నం భోజనాల వేళ బొగ్దాన్ వరండా చివర దొర బట్టల్లోనే కూర్చుని ఉన్నాడు. పళ్లెం ముట్టుకోలేదు. నేను పక్కన కూర్చున్నాను.

"మీరు కర్ర మరిచిపోయారు. మీరు కర్ర మరిచిపోయే మనిషి కాదు. ఏం జరిగింది?" అన్నాను.

పళ్లెం పక్కకు జరిపాడు. తర్వాత చెప్పాడు. అమ్మ, చెల్లెలు ఊరు విడిచారు. అమ్మను బయలుదేరదీయడానికే చెల్లెలు ఎంతో బతిమాలాల్సి వచ్చింది. కిటికీలో టమాటా నారు పోసుకుంది, నేను పోతే దానికి నీళ్లెవరు పోస్తారు అని కూర్చుందట. చివరికి రైలెక్కారు. జనం నిండిపోయి నిలబడే ప్రయాణం. అమ్మకు మోకాళ్లు బాగోవు. రైలు పొలాల మధ్య ఆగిపోయిందని చెల్లెలు మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత కబురు లేదు. నిన్నటి నుంచి లేదు. పోలండ్ సరిహద్దు దాటితే తప్ప ఆయన ఊపిరి పీల్చుకోలేడు.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే జాలిపడతారు. జాలిపడితే వేషం పోతుంది."

అది నిజమే.

ఇక్కడ మా సెట్టు నియమం ఒకటి చెప్పాలి. మాటలను అక్కడికక్కడే రికార్డు చేస్తాం కాబట్టి షూటింగ్ మొదలవగానే అందరి ఫోన్లూ ఒక గుడ్డసంచిలోకి పోతాయి. సింహాద్రి అన్న ఫోనుతో సహా. అంటే పొద్దుటి నుంచీ బొగ్దాన్ ఒక చేత్తో దొర కర్ర పట్టుకుని, మనసంతా ఆ సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"మీ ఫోన్ సంచిలోంచి తీయిస్తాను. శబ్దం తీసేసి నా ఒళ్లో పెట్టుకుంటాను. కళ్లు పెట్టి చూడడమే కదా నా పని" అన్నాను.

"మీకు మా అక్షరాలు రావు."

"ఒక్క మాట నేర్పండి. దాటేశాం అని మీ చెల్లెలు ఎలా రాస్తుంది?"

ఆయన నా పెన్ను తీసుకుని నా ఎడమ అరచేతిలో రాశాడు. పలికితే పెరెయిష్లీ. మొదటి అక్షరం గుమ్మంలా ఉంది, రెండు స్తంభాలు, పైన దూలం. చివరి నుంచి మూడోది మూడు పళ్ల దువ్వెనను తిరగేసి నిలబెట్టినట్టు ఉంది. గుమ్మం, దువ్వెన. గుమ్మం, దువ్వెన. మనసులో చెప్పుకున్నాను.

"వేరే కబురు వస్తే?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మీకు చదవడం రాదు కదా, అక్కా. రానివ్వండి. షాటు పూర్తవనివ్వండి" అన్నాడు.

నేను దొంగతనంగా ఏమీ చేయలేదు. నేరుగా సింహాద్రి అన్న దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. కోపగించుకుంటాడనుకున్నాను.

"ముందే సెప్పొచ్చు గదా ఈ మనిసి" అన్నాడు గొంతు తగ్గించి. తర్వాత మళ్లీ దర్శకుడైపోయాడు. "సరే, ఉంచుకో. కానీ సరోజా, ఇను. ఏటొచ్చినా కట్ నేనే సెప్పాల. తెలిసినాదా?"

"తెలిసినాదన్నా."

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఇది చెప్పాలి. సెట్టు మీద ఎవరు ఏమైనా అనొచ్చు, కట్ అనే మాట మాత్రం దర్శకుడిది. దీపం పడిపోయినా, పాము వచ్చినా, ఆయన వైపు చూడాలి తప్ప నోరు తెరవకూడదు. నేను జీవితమంతా పాటించిన నియమం అది.

ఆ షాటు

ఆ సాయంత్రానికి పెట్టుకున్నది సినిమాలోకెల్లా పెద్ద షాటు. తోట కూలీ భార్యకు కాన్పు కష్టమవుతుంది. ఆసుపత్రికి తీసుకుపోవడానికి లారీ ఇమ్మని కూలీ బంగళా మెట్ల దగ్గర మోకాళ్ల మీద పడతాడు. దొర ఇవ్వడు. ముక్కలు చేయకుండా మొత్తం ఒకే షాటు. పడమటి కొండల మీద నల్ల మబ్బు లేస్తోంది. వాన పడిందంటే ఆ రోజుకు ఇక షాటు లేదు, మరునాడు ఇదే వెలుతురు వస్తుందన్న నమ్మకమూ లేదు. తప్పితే బొగ్దాన్ వేషమూ పోతుందని నాకూ తెలుసు, అన్నకూ తెలుసు.

కెమెరా తిరిగింది. నేను మానిటర్ పక్కన కూర్చున్నాను. ఒళ్లో ఫోన్, అరచేతిలో మాట.

బొగ్దాన్ వరండాలోకి వచ్చాడు. టోపీ కుడిచేత్తో తీశాడు. కర్ర ఆనించాడు. ఒక్క తప్పు లేదు. కూలీ ఏడుస్తూ లారీ అడిగాడు. దొర కూలీ మొహం చూడలేదు, వెనక ఉన్న చెట్టును చూస్తూ, నిదానంగా, మర్యాదగా మాట్లాడడం మొదలుపెట్టాడు. మా అమ్మ చిన్నప్పుడు చూసిన మనిషి ఇతనే అనిపించింది. అన్న కుర్చీ అంచుకు జరిగి, చూస్తున్నాడు.

అప్పుడు ఫోన్ వెలిగింది.

మొదట ఒక ఫొటో వచ్చింది. మసగ్గా ఉంది. ఏదో దుప్పటి, ఎవరిదో చెయ్యి. దాని కింద ఒక పొడుగు వాక్యం. గుమ్మం అక్షరాలు చాలా ఉన్నాయి, దువ్వెన ఎక్కడా లేదు. అరచేయి చూసుకున్నాను. చెమటకు సిరా కారి మాట సగం చెరిగిపోయింది. మళ్లీ ఫోన్ చూశాను. అంతలో కింద ఇంకొకటి వచ్చింది. ఒకే ఒక్క మాట. మొదట గుమ్మం. అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ పోయాను. చివరి నుంచి మూడోది, మూడు పళ్ల దువ్వెన.

నేను లేచి నిలబడ్డాను.

"కట్!"

కూలీ వేషం వేసిన నటుడు మోకాళ్ల మీద అలాగే ఉండి నా వైపు తిరిగాడు. కెమెరామన్ అన్న వైపు చూశాడు.

"ఎవరు? కట్ ఎవరు సెప్పినారు?" అన్న గొంతు బంగళా గోడకు కొట్టి తిరిగొచ్చింది.

చెప్పులు పచ్చికలో జారిపోతుంటే మెట్ల వైపు పరిగెత్తాను. బొగ్దాన్ నన్ను చూస్తూ నిలబడి ఉన్నాడు. మొహంలో దొర ఇంకా పూర్తిగా దిగలేదు. ఫోన్ చేతికిచ్చాను. చదివాడు. ఫొటో పెద్దది చేసి చూశాడు. మెట్టు మీద కూర్చుండిపోయాడు. టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి.

సింహాద్రి అన్న విసురుగా వచ్చినవాడు మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"ఏటయినాది దొరా?"

బొగ్దాన్ టోపీ తీశాడు. తర్వాత మా ఇంట్లో విన్న ముక్కలు ఏరుకుని తెలుగులో అన్నాడు. "అమ్మ... దాటినాది. అమ్మ బాగుంది."

వాన మొదటి చినుకులు పడ్డాయి. అన్న ఒకసారి ఆకాశం చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి, కోపమూ ఉంది.

"వాన ఎలాగూ వచ్చేసేది లా" అన్నాడు. తర్వాత వంటవాళ్ల వైపు తిరిగి, "అందరికీ తే తారిక్ పొయ్యండి! ముందు దొరకి!" అని అరిచాడు.

కూలీ వేషం వేసిన నటుడు మెల్లగా లేచి వచ్చి బొగ్దాన్ పక్కన కూర్చుని, భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

టీ వచ్చేసరికి బొగ్దాన్ మెట్ల మీద లేడు. వరండాలో పడకకుర్చీలో, బూట్లతో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. బంగళా రేకుల మీద వాన దంచి కొడుతోంది. సామాన్లు లోపలికి మోసేవాళ్లు ఆయన పక్కకు రాగానే మునివేళ్ల మీద నడిచారు. అన్న తన శాలువా తెచ్చి కప్పి, వేలు నోటి మీద పెట్టుకుని అందరినీ బెదిరించాడు.

నా మాట

ఆ షాటు మళ్లీ తీశాం. వెలుతురు సరిగ్గా కుదరడానికి రెండు రోజులు పట్టింది. బొగ్దాన్ బాగా చేశాడు, కానీ మొదటిసారి చేసినంత గొప్పగా కాదు. కంటి నిండా నిద్రపోయిన మనిషి మొహంలో ఆ భయం రాలేదు. ఈ సినిమాకూ ఎడిటరైన మేడమ్ లిమ్ మొదటి షాటులోని ముందు సగం, రెండో షాటులోని వెనక సగం అతికించింది. అతుకు దగ్గర టోపీ రెండు వేళ్ల మేర పక్కకు జరిగి ఉంటుంది. సరిదిద్దడానికి వీలు కాలేదు. నా పనిలో అంతకంటే ఇష్టమైన తప్పు నాకు లేదు.

ఇంకొక్క నిమిషం ఎందుకు ఆగలేదని తర్వాత చాలామంది అడిగారు. ఆగితే షాటు దక్కేది, కబురు ఎక్కడికీ పోదు. అన్న కూడా ఒకసారి అడిగాడు. ఆలోచించి ఆ పని చేయలేదు. నోరు నన్ను అడగలేదు. ఆ మాటకు ఆయన నన్ను తీసేసి ఉంటే ఆయన వైపే న్యాయం ఉండేది. తీసెయ్యలేదు. తర్వాత రెండు సినిమాలకు నన్నే పిలిచాడు. మళ్లీ ఎప్పుడూ కట్ అనాల్సిన అవసరం రాలేదు.

కాబట్టి మా మేనకోడలికి ఆ మాట అనమని చెప్పను, అనొద్దనీ చెప్పను. నీ ఎదుట నటుడు ఉన్నట్టుండి చిన్న తప్పులు చేస్తుంటే, నెమ్మదిగా వెళ్లి పక్కన కూర్చో. కర్ర గురించి అడుగు. మిగిలింది అతనే చెప్తాడు. చెప్పింది దర్శకుడి దగ్గర దాచకు. కోపిష్టి అని మనం అనుకునే మనిషికి ఒకసారి నిజం చెప్పి చూడాలి. మేమందరం బొగ్దాన్ బొటనవేలు చూసి ఊరుకున్నాం. అన్నకు ముందే తెలిసి ఉంటే పంతులును పిలిచే మాటే వచ్చేది కాదు.

ఆ సినిమా చూసి పోలండ్‌లో ఎవరో పిలిచారు. ఇప్పుడు బొగ్దాన్ అక్కడ ఒక సీరియల్‌లో మందుల షాపు ముసలాయన వేషం వేస్తున్నాడు. అమ్మ, చెల్లెలు అదే ఊళ్లో ఉంటారు. హంతకుడి తమ్ముడు కాదు, దొర కాదు, జలుబుకు మాత్రలిచ్చే మంచి తాత. ఇన్నాళ్లకు ఒకరిని బతికించే వేషం దొరికిందని రాశాడు.

మలేషియా వదిలి వెళ్లే ముందు అమ్మను తెచ్చి మా దేశం చూపించాడు. ఇపోలో మా ఇంటికి తీసుకొచ్చాడు. బొద్దుగా, పొట్టిగా, చేతికర్రతో ఉన్న ఆవిడ గుమ్మంలోకి రాగానే నా రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. బొగ్దాన్ తర్జుమా చేయబోతే వద్దన్నాను, అర్థమైంది. మా అమ్మ చేపల పులుసు పెట్టింది. ఆవిడ ముళ్లు మాత్రమే మిగిల్చి శుభ్రంగా తింది. అమ్మకు అది చూసి ఎంతో తృప్తి.

భోజనాలయ్యాక ఆ సినిమా పెట్టాం. ఆవిడకు తమిళం రాదు, ఇంగ్లిష్ రాదు. కొడుకు పక్కన కూర్చుని చెవిలో చెబుతూ వచ్చాడు. బంగళా మెట్ల సన్నివేశం వచ్చింది. కూలీ మోకాళ్ల మీద పడ్డాడు. ఏమడుగుతున్నాడని ఆవిడ అడిగింది. కొడుకు చెప్పాడు. దొర చెట్టును చూస్తూ మాట్లాడి, లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. ఆవిడ కొడుకు వైపు తిరిగి చేతికర్రతో ఆయన మోకాలి మీద ఒక్కటి తగిలించింది. గట్టిగా తిట్టడం మొదలుపెట్టింది.

"ఏటంటంది?" అని మా అమ్మ నన్ను కుదిపింది.

బొగ్దాన్ మోకాలు రుద్దుకుంటూ ఇంగ్లిష్‌లో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. "లారీ ఇస్తే నీ సొమ్మేం పోయేదిరా అని అడుగుతోంది. ఇంత గుండె లేనివాణ్ని నేను పెంచలేదు అంటోంది. సినిమా అమ్మా అంటే, సినిమా అయితే మాత్రం ఏం అంటోంది."

మా అమ్మకు నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ లేచి వెళ్లి, ఆవిడ పక్కన సోఫాలో సర్దుకుని కూర్చుంది.

"నిజమే గదేటి! ఇచ్చుంటే ఏటి పోనాది?" అని తనూ బొగ్దాన్ వైపు వేలు చూపించింది.

ఇద్దరు ముసలమ్మలు ఒక వైపు, ఆయన ఒక వైపు. టీవీలో కథ ముందుకు పోతూనే ఉంది, ఎవరూ చూడడం లేదు. బొగ్దాన్ రెండు చేతులూ పైకెత్తి, ఒకసారి వాళ్లమ్మకు, ఒకసారి మా అమ్మకు దండం పెట్టాడు.

"తప్పయిపోనాది లా," అన్నాడు, "ఈసారి ఇచ్చేస్తాను."